వొకేషనల్ పిల్లలకు విమానయాన బిజినెస్ పాఠాలు: లెక్చరర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్, ఏవియేషన్ కోర్సులు మొదలయ్యాక కొత్తగా ఈ సబ్జెక్టు చేతికొచ్చిన లెక్చరర్లు నాకు తరచూ ఫోన్ చేస్తుంటారు. జూన్, జూలైలలో మరీ ఎక్కువ. అడిగేవి దాదాపు ఒకే రకం డౌట్లు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. వరుసగా చదవాల్సిన పనిలేదు.

## క్లాసు మొదలుకాకముందు

నేను కామర్స్ లెక్చరర్‌ని. విమానం ఎక్కింది రెండుసార్లే. ఈ సబ్జెక్టు చెప్పగలనా?

చెప్పగలరు. పిల్లలకు కావాల్సింది విమానం ఎలా ఎగురుతుందో కాదు, దాని మీద డబ్బు ఎలా వస్తుంది, ఎలా పోతుంది అన్నది. స్థిర ఖర్చు, చర ఖర్చు, బ్రేక్ ఈవెన్ (లాభం, నష్టం రెండూ లేని స్థాయి), నగదు ప్రవాహం ఇవన్నీ మీకు ఇప్పటికే తెలిసినవి. కొత్తగా నేర్చుకోవాల్సిన మాటలు నలభై, యాభై ఉంటాయేమో. సెలవుల్లో రెండు వారాలు కూర్చుంటే వచ్చేస్తాయి. అయితే ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. ఎయిర్‌పోర్టులో పనిచేసే ఒకరిద్దరితో పరిచయం పెంచుకోండి. చెకిన్ కౌంటర్లో పనిచేసేవాళ్ళో, కార్గోలో పనిచేసేవాళ్ళో ఎవరైనా ఫర్వాలేదు. పుస్తకంలో లేని డౌట్ వచ్చినప్పుడు వాళ్ళకు ఒక్క ఫోన్ చేస్తే చాలు, తేలిపోతుంది.

మొదటి యూనిట్ చరిత్ర. రైట్ సోదరులతో మొదలుపెడితే పిల్లలు నిద్రపోతున్నారు. ఏం చేయాలి?

బేగంపేటతో మొదలుపెట్టండి. నిజాం కాలంలో అక్కడి నుంచే డెక్కన్ ఎయిర్‌వేస్ నడిచింది. 1953లో కేంద్రం ఎయిర్‌లైన్స్‌ను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ చట్టం 1994లో రద్దయ్యింది. ప్రైవేటు కంపెనీలకు పూర్తిగా దారి తెరుచుకుంది అప్పుడే. 2008 మార్చిలో శంషాబాద్ మొదలై, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా మళ్ళీ టాటాల చేతికి వెళ్ళింది. మూడు క్లాసులు చాలు. ఈ క్రమం అర్థమైతే ఎవరి సొమ్ముతో ఎవరు నడిపారన్న ప్రశ్న పిల్లలకు దానంతటదే తడుతుంది. మేనేజ్‌మెంట్ పాఠానికి కావాల్సింది ఆ ప్రశ్నే.

చేరినవాళ్ళలో సగం మంది పైలట్, ఎయిర్ హోస్టెస్ అవుదామని వచ్చారు. నిజం చెబితే మానేస్తారేమో?

మొదటి రోజే చెప్పేయండి. ఈ కోర్సుతో పైలట్ అవ్వరు. దానికి వేరే శిక్షణ, వేరే లైసెన్సు, చాలా పెద్ద ఖర్చు ఉంటాయి. క్యాబిన్ క్రూ ఉద్యోగానికి ఇంటర్ పాసైతే అప్లై చేయొచ్చు, కానీ ఎంపిక ఎయిర్‌లైన్ ఇష్టం. ఈ కోర్సు దారి చూపించేది చెకిన్, ర్యాంప్ (విమానం నిలిపే చోటు పనులు), బ్యాగేజీ, కార్గో, టికెటింగ్, టెర్మినల్ షాపులు, ఫ్రైట్ ఫార్వర్డింగ్ (సరుకు పంపే ఏర్పాట్లు చూసే) ఆఫీసుల వైపు. నేను ఇలా చెప్పిన ఏడాది ఇద్దరు మానేశారు. మిగిలినవాళ్ళు కళ్ళు తెరుచుకుని చదివారు. రెండో ఏడాదిలో తెలిస్తే ఆ పిల్ల ఇంట్లో ఏం చెప్పుకోవాలి? ఫీజు కట్టిన తండ్రికి ఏం సమాధానం చెప్పాలి? ఆ ఆలోచనతోనే మొదటి రోజు చెబుతాను.

తెలుగు మీడియం పిల్లలు. ఇంగ్లీష్ రాదని భయపడుతున్నారు. పాఠం ఏ భాషలో చెప్పాలి?

అర్థం తెలుగులో, పదం ఇంగ్లీష్‌లో. లెక్క ఎందుకు చేస్తున్నామో తెలుగులో వివరించండి. లోడ్ ఫ్యాక్టర్ (నిండిన సీట్ల వాటా), టర్న్‌అరౌండ్ (దిగిన విమానాన్ని మళ్ళీ బయల్దేరడానికి సిద్ధం చేయడం), ఆఫ్‌లోడ్ (ఎక్కినదాన్ని దించేయడం) లాంటి మాటలు మాత్రం మార్చకండి, ఉద్యోగంలో అవే వినపడతాయి. మాట్లాడే భయం పోవడానికి ఆల్ఫా, బ్రావో, చార్లీ అక్షరమాలతో మొదలుపెట్టండి. ప్రతి రోజూ హాజరు పిలిచేటప్పుడు ఒక్కొక్కరు తమ పేరు ఆ పద్ధతిలో చెప్పాలి. వారం తిరిగేసరికి వెనక బెంచీవాళ్ళు కూడా గొంతు పెంచుతారు.

## మొదటి నెల

లోడ్ ఫ్యాక్టర్, సీటు కిలోమీటరు లాంటివి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కడం లేదు. సులువైన దారి ఉందా?

ఆర్టీసీ డిపో నుంచి రండి. డ్రైవర్లు, కండక్టర్లు రోజూ మాట్లాడే ఓఆర్, అంటే ఆక్యుపెన్సీ రేషియో, విమానంలో లోడ్ ఫ్యాక్టర్‌కు దగ్గరి చుట్టం. కిలోమీటరుకు వచ్చే రాబడిని డిపోలో ఈపీకే అంటారు. విమానంలో దాన్నే సీటు కిలోమీటరుకు, అంటే ఒక సీటు ఒక కిలోమీటరు వెళ్ళినందుకు, లెక్కగడతారు. క్లాసులో కనీసం ఇద్దరు ముగ్గురి ఇళ్ళల్లో ఆర్టీసీ ఉద్యోగం ఉంటుంది. మా క్లాసులో కండక్టర్ కూతురు ఒకమ్మాయి లేచి, "సార్, బస్సు నిండినా మధ్యలో దిగిపోతే ఓఆర్ పడిపోతుంది, నాన్న అంటాడు" అంది. ప్రయాణికుల సంఖ్యను దూరంతో ఎందుకు గుణిస్తారో అంతకన్నా బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

ఒకే విమానంలో పక్కపక్క సీట్లకు వేర్వేరు రేట్లు ఎందుకని అడుగుతున్నారు. ఇది మోసం కాదా?

మోసం కాదు. అయితే పిల్లల కోపం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. సంక్రాంతి స్పెషల్ బస్సుల్లో యాభై శాతం అదనంగా తీసుకున్న రోజులు వాళ్ళకు గుర్తే. ఎయిర్‌లైన్ అదే పనిని ఏడాది పొడుగునా, సీటు సీటుకూ చేస్తుంది. తలుపు మూసుకున్నాక ఖాళీగా మిగిలిన సీటును రేపు అమ్ముకోలేం. అందుకని తొందరగా కొనేవాళ్ళకు కొన్ని సీట్లు చవగ్గా ఇచ్చి, చివరి నిమిషంలో తప్పనిసరిగా వెళ్ళాల్సినవాళ్ళ కోసం కొన్ని ఆపి ఉంచుతారు. ప్రాక్టికల్‌గా చేయించండి. హైదరాబాద్ నుంచి విశాఖకు ఒకే తేదీ, ఒకే విమానం రేటును రోజూ ఒకే సమయానికి ముప్పై రోజులు నోట్‌బుక్‌లో రాయమనండి. గీత గీసేసరికి పాఠం అయిపోతుంది. టికెట్ బ్రేకప్ కూడా చూపించండి. మూల ఛార్జీ, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, సెక్యూరిటీ ఫీజు, ఎకానమీ మీద 5 శాతం జీఎస్టీ ఇలా ఎవరి వాటా ఎంతో కనిపిస్తుంది.

టికెట్లో పేరు రాయడానికి కూడా ఒక క్లాసు కావాలా?

మన దగ్గర కావాలి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. టికెట్లో ఇంటిపేరు గడి వేరుగా ఉంటుంది. ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరం, మరోదాంట్లో అసలు లేకుండా ఉంటాయి. ఇంటిపేరు గడిలో ఏం రాయాలో తెలియని ప్రయాణికులు రోజూ కౌంటర్ దగ్గర నిలబడతారు. ముందు పిల్లల సొంత పేర్లతోనే మొదలుపెట్టండి. ఎస్‌ఎస్‌సీ మెమో, ఆధార్, పాన్ పక్కపక్కన పెట్టి సరిచూసుకోమనండి. నా విద్యార్థి ఒకడికి ఉద్యోగం వచ్చాక మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉండటంతో వెరిఫికేషన్ ఆగిపోయింది, చేరాల్సిన తేదీ దాటిపోయింది. కోర్సులో చేరిన వారంలోనే చూసుకుని ఉంటే సరిపోయేది. అప్పట్నుంచి ఈ క్లాసు వదలను.

డీజీసీఏ, బీసీఏఎస్, ఏఏఐ, ఏఈఆర్ఏ... ఎవరు ఏం చేస్తారో కలిపేసుకుంటున్నారు.

ఒక్కో మాటలో చెప్పండి. డీజీసీఏ చూసేది భద్రత, లైసెన్సులు. బీసీఏఎస్ చూసేది రక్షణ, అంటే తనిఖీలు, ప్రవేశ పర్మిట్లు. ఏఏఐ చేతిలో ఆకాశంలో రాకపోకల నియంత్రణ, చాలా విమానాశ్రయాల నిర్వహణ. ఏఈఆర్ఏ పెద్ద విమానాశ్రయాల ఛార్జీలు నిర్ణయిస్తుంది. శంషాబాద్‌ను నడిపేది ప్రైవేటు కంపెనీ జీఎంఆర్, విజయవాడను ప్రభుత్వ సంస్థ ఏఏఐ. విశాఖ నేవీ ఎయిర్‌ఫీల్డ్‌లో నడిచే పౌర టెర్మినల్. మూడూ మూడు రకాలు, పోల్చి చెప్పడానికి అనువుగా ఉంటాయి. పాత నోట్సులో 1934 ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం ఉంటే మార్చండి. 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లో ఉంది.

## అసలు పాఠాలు

బ్రేక్ ఈవెన్‌ను ఏ లెక్కతో చెప్పాలి?

ఊహించిన అంకెలతో ఒక్క ఫ్లైట్ తీసుకోండి, చాలు. 180 సీట్లు, ఒక ట్రిప్పుకు మొత్తం ఖర్చు 6,30,000 రూపాయలు, ఒక్కో ప్రయాణికుడి నుంచి ఎయిర్‌లైన్‌కు సగటున మిగిలేది 4,500 అనుకుందాం. 140 సీట్లు నిండాలి, అంటే దాదాపు 78 శాతం. ఇప్పుడు తిండి, సీటు ఎంపిక, అదనపు బ్యాగు మీద మనిషికి సగటున ఇంకో 250 మిగిలిందనుకోండి. 133 సీట్లు చాలు. ఇక ఇంధనం ఖర్చులో 40 శాతం అనుకుని, దాని ధర పది శాతం పెంచండి. ఖర్చు 6,55,200 అవుతుంది, మళ్ళీ 138 సీట్లు కావాలి. సాండ్‌విచ్ అమ్మి సంపాదించిన ఏడు సీట్లలో ఐదు పెట్రోలు బంకులో పోయాయి! ఈ మూడు మెట్లూ పిల్లల చేతే చేయించండి, బోర్డు మీద మీరు చేయకండి. విమాన ఇంధనం జీఎస్టీలో లేదని, రాష్ట్రాలు వేసే వ్యాట్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుందని చెబితే ఎయిర్‌లైన్లు ఆ పన్ను గురించి ప్రభుత్వాలను ఎందుకు బతిమాలుతుంటాయో అర్థమవుతుంది.

మా ఊళ్ళో ఎయిర్‌పోర్టే లేదు. టర్న్‌అరౌండ్ ఎలా చూపించాలి?

వరండాలో సుద్దముక్కతో విమానం గీయండి. నా ఉద్యోగంలో బాగా ఫలించిన పాఠం ఇదే.

ముందు తలుపు, వెనక తలుపు, రెక్కలు, కింద సామాను గది. ఇరవై మంది ప్రయాణికులు, నలుగురు క్లీనింగ్, ఇద్దరు ఇంధనం, నలుగురు లోడర్లు, ఇద్దరు గేటు, ఒకరు లోడ్ షీట్ (విమానంలో బరువుల లెక్క రాసే కాగితం), ఒకరు మొత్తం చూసుకునే మనిషి. స్కూలు బ్యాగులే లగేజీ, ఒక్కోదానికి కాగితం ట్యాగ్. విమానం ఆగి, చక్రాలకు చాక్స్ (కదలకుండా పెట్టే అడ్డు దిమ్మలు) పెట్టిన క్షణం నుంచి మళ్ళీ కదిలేదాకా టైము చూడాలి. చిన్న విమానాలను తక్కువ ఖర్చు ఎయిర్‌లైన్లు 25, 30 నిమిషాల్లో తిప్పేస్తాయని ముందే చెప్పండి.

మా పిల్లలకు మొదటిసారి 41 నిమిషాలు పట్టింది. క్లీనింగ్ వాళ్ళ మీద అందరూ పడ్డారు. టైము రాసిన కాగితం చూస్తే క్లీనింగ్ ఎప్పుడో అయిపోయింది. ఇద్దరు ప్రయాణికులు క్యాంటీన్‌కు వెళ్ళి రాలేదు. మనిషి ఎక్కకపోతే అతని బ్యాగు కూడా దించేయాలన్నది రూలు. ఆ రెండు బ్యాగులు అన్నిటికన్నా లోపల ఉన్నాయి. మొత్తం బయటికి తీసి, వెతికి, మళ్ళీ పేర్చేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. లోడర్‌గా ఉన్న కుర్రాడు చెమట తుడుచుకుంటూ, "వాళ్ళ పేర్లు గేటు దగ్గర ఎందుకు పిలవలేదు?" అని నిలదీశాడు. గేటులో ఉన్న అమ్మాయి దగ్గర సమాధానం లేదు. మూడో రోజుకి 27 నిమిషాలకు దిగారు.

ఆ తర్వాత ఆలస్యాల కోడ్లు చెప్పండి. 93 అంటే అదే విమానం ముందు ట్రిప్పు నుంచి ఆలస్యంగా రావడం. పొద్దున పోయిన పదకొండు నిమిషాలు సాయంత్రం దాకా ఊరూరా ఎలా తిరుగుతాయో అప్పుడు చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

మూతపడిన ఎయిర్‌లైన్ల గురించి చెబితే పిల్లలు భయపడరా?

చెప్పకపోతే తర్వాత దెబ్బతింటారు. కింగ్‌ఫిషర్ 2005లో మొదలై 2012లో ఆగింది. జెట్ 1993 నుంచి 2019 దాకా నడిచింది. గో ఫస్ట్ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది. మన హైదరాబాద్ నుంచి 2015లో ఎగిరిన ట్రూజెట్ 2022లో నిలిచిపోయింది. ఒక్కోదానికి ఒక్కో కారణం వెతికించండి. కింగ్‌ఫిషర్ ఖరీదైన సర్వీసు పెట్టుకుని చవక ఎయిర్‌లైన్ ఎయిర్ డెక్కన్‌ను కొనుక్కుంది. గో ఫస్ట్ ఇంజిన్లు అందక విమానాలను నేల మీదే ఉంచాల్సి వచ్చింది. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటుంది. టికెట్ డబ్బు రూపాయల్లో వస్తుంది, విమానాల అద్దెలు డాలర్లలో కట్టాలి. రూపాయి పడినప్పుడు ఏ తప్పూ చేయకుండానే ఖర్చు పెరుగుతుంది. పక్కనే ఇండిగోను పెట్టండి. 2006 నుంచి చాలా ఏళ్ళు ఒకే రకం విమానంతో నడిపి శిక్షణ, విడిభాగాల ఖర్చు అదుపులో పెట్టుకుంది.

కార్గో పాఠం బోరు అంటున్నారు. వదిలేయొచ్చా?

వద్దు. ఉద్యోగాలు బాగా దొరికే చోటు అది. మన జీవితానికి దగ్గరగా చెప్పడానికి కార్గో కన్నా మంచి పాఠం లేదు.

కోస్తా జిల్లాల పిల్లలుంటే రొయ్యలతో మొదలుపెట్టండి. వనామీ రకం రొయ్య పిల్లను తయారుచేసే హ్యాచరీలకు తల్లి రొయ్యలు అమెరికా నుంచి ప్రాణంతో విమానంలో వస్తాయి. చెన్నైలో దిగి, నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రం దాటాకే మన తీరానికి చేరతాయి. పెరిగిన రొయ్య మాత్రం ఐసు గడ్డకట్టించి ఓడలో వెళ్తుంది. అదే జీవి, వచ్చేటప్పుడు విమానం, పోయేటప్పుడు ఓడ. ఎందుకు? పిల్లల్ని అరగంట వాదించుకోనివ్వండి. విలువ, బరువు, ఎంతసేపు బతుకుతుంది, ఆలస్యమైతే నష్టం ఎంత, ఈ నాలుగు మాటలూ వాళ్ళ నోటి నుంచే వస్తాయి. తెలంగాణ పిల్లలకైతే మందులు. శంషాబాద్ కార్గోలో మందుల కోసం ప్రత్యేకంగా చల్లని గదుల జోన్ ఉంది.

తర్వాత వాల్యూమ్ బరువు, అంటే పెట్టె ఆక్రమించే చోటును బట్టి లెక్కగట్టే బరువు. అరవై, యాభై, నలభై సెంటీమీటర్ల థర్మాకోల్ పెట్టె తెప్పించండి. మూడూ గుణించి 6,000తో భాగిస్తే 20 కిలోలు. కాటా మీద 12 కిలోలే తూగినా ఛార్జీ 20కి. చేతిలో పెట్టె ఉంటే ఈ లెక్క మర్చిపోరు.

ఉడాన్ పథకం గురించి ఎంతవరకు చెప్పాలి?

ఉడాన్ అంటే చిన్న ఊళ్ళకు విమానాలు నడిపించే కేంద్ర పథకం. కడప వరకు చెప్పండి. 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి ఉడాన్ సర్వీసుల్లో కడప, హైదరాబాద్ రూట్ ఒకటి. అప్పట్లో గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయలకు మించకుండా ఇవ్వాలని, ఎయిర్‌లైన్‌కు వచ్చే లోటును మూడేళ్ళపాటు ప్రభుత్వం పూడ్చాలని పెట్టారు. ఆడవాళ్ళ ఉచిత బస్సు ప్రయాణానికి ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టడం పిల్లలకు తెలుసు కాబట్టి పోలిక వెంటనే అందుతుంది. మూడేళ్ళు అయ్యాక ఆ రూటు తన కాళ్ళ మీద నిలబడుతుందా అన్నదే అసలు బిజినెస్ ప్రశ్న. దాన్ని పరీక్షలో అడగండి.

సిబ్బంది ప్లానింగ్ యూనిట్‌కు కొత్త ఉదాహరణ ఏదైనా?

2025 డిసెంబర్ మొదటి వారం. అప్పటికే పైలట్ల విశ్రాంతి నిబంధనలు కఠినమయ్యాయి, వారం విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. సరిపడా పైలట్లను షెడ్యూల్ చేయలేక ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. నిబంధన వస్తుందని ముందే తెలుసు. అందుకే ఇది మంచి కేస్. చిన్న లెక్క కూడా కలపండి. యాభై సీట్లకు ఒక క్యాబిన్ క్రూ చొప్పున ఉండాలి కాబట్టి 180 సీట్లకు నలుగురు. 200 దాటి ఒక్క సీటు పెంచినా ఐదో మనిషి జీతం కట్టాలి.

కస్టమర్ సర్వీస్ అంటే నవ్వుతూ మాట్లాడటమేనా?

నవ్వు కన్నా రూలు ముఖ్యం. కన్ఫర్మ్ టికెట్ ఉండి, టైముకు వచ్చినా సీట్లు ఎక్కువ అమ్మేసి ఎక్కనివ్వకపోతే గంటలోపు బయల్దేరే మరో విమానం ఇవ్వాలి. ఇవ్వలేకపోతే 24 గంటల్లోపు ప్రత్యామ్నాయానికి 10,000 రూపాయల వరకు, అది దాటితే 20,000 వరకు పరిహారం ఉంటుంది. ఒకరు ఎయిర్‌లైన్ మనిషి, ఇంకొకరు చెల్లెలి పెళ్ళికి వెళ్తున్న ప్రయాణికుడు. అలా నటింపజేయండి. ప్రయాణికుడు అడగకపోయినా హక్కు చెప్పిన విద్యార్థికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

## బయటకు తీసుకెళ్ళేటప్పుడు

ఎయిర్‌పోర్ట్ విజిట్‌కు పర్మిషన్ రావడం లేదు. వేరే దారి?

ఒకసారి మాకు బస్సు ఎక్కే ముందు రోజు సాయంత్రం పర్మిషన్ రద్దైంది. ఇద్దరి ఐడీ నంబర్లు తప్పు పడ్డాయి, ఆ తప్పు మా లిస్టులోనే ఉంది. పిల్లల మొహాలు చూడలేకపోయాను. ఇప్పుడు కనీసం నెల ముందు ఉత్తరం పెట్టి, ఐడీలు ఇద్దరి చేత సరిచూపిస్తాను. పర్మిషన్ రాకపోతే పెద్ద బస్‌స్టేషన్‌కు వెళ్ళండి. విజయవాడ నెహ్రూ బస్‌స్టేషన్‌లో గానీ ఎంజీబీఎస్‌లో గానీ ఒక ప్లాట్‌ఫాం దగ్గర రెండు గంటలు నిలబడి, ఏ బస్సు ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆలస్యమైంది రాయించండి. ఫ్రైట్ ఫార్వర్డర్ ఆఫీసులు కూడా సాధారణంగా కాదనవు. అక్కడ ఎయిర్‌వే బిల్లు (విమానంలో పంపే సరుకుకు ఇచ్చే రసీదు) చేతితో పట్టుకుని చూడొచ్చు. మొదటి మూడంకెలు 098 ఉంటే ఎయిర్ ఇండియా అని పిల్లలు గర్వంగా గుర్తుపడతారు.

అమ్మాయిల తల్లిదండ్రులు నైట్ షిఫ్ట్ అంటే టెన్షన్ పడుతున్నారు. ఏం చెప్పాలి?

నైట్ షిఫ్ట్ ఉండదని మాత్రం చెప్పకండి, ఉంటుంది. ఇంటర్న్‌షిప్‌కు ముందే తల్లిదండ్రుల్ని పిలిచి షిఫ్ట్ టైములు, క్యాబ్ ఎక్కడి నుంచి ఎక్కడికి, హాస్టల్, ఫోన్ ఎత్తే సూపర్‌వైజర్ ఎవరు, ఇవన్నీ కాగితం మీద పెట్టండి. ఇప్పటికే పనిచేస్తున్న అమ్మాయిని, వీలైతే వాళ్ళమ్మతో సహా, అదే మీటింగ్‌కు రప్పించండి. నేను అరగంట చెప్పినదానికన్నా ఆ తల్లి ఐదు నిమిషాలు మాట్లాడితే ఎక్కువ ధైర్యం వస్తుంది.

## పరీక్షలు, ఉద్యోగాలు

పరీక్ష ఎలా పెట్టాలి? నిర్వచనాలు బట్టీ కొట్టి రాసేస్తున్నారు.

బోర్డు పేపర్ మన చేతిలో లేదు. ఇంటర్నల్ మార్కులు మన చేతిలో ఉన్నాయి. ఏడాదంతా ఒక్కొక్కరికి ఒక్కో రూటు ఇచ్చేయండి. రాజమండ్రి నుంచి హైదరాబాద్, తిరుపతి నుంచి విశాఖ ఇలా. ఆ రూటులో ఏ విమానం, ఎన్ని సీట్లు, రేట్లు ఎలా మారాయి, పోటీగా ఏ రైలు, ఏ బస్సు ఉన్నాయి, ఎవరు ఎందుకు ఎక్కుతారు అన్నీ ఒక ఫైల్‌లో చేరుస్తూ పోవాలి. చివర్లో పది నిమిషాలు నిలబడి, ఆ రూటు మీద ఇంకో విమానం వేయాలా వద్దా చెప్పాలి. సొంత రూటు కాబట్టి పక్కవాడిది చూసి రాయడానికి ఏమీ ఉండదు.

డబ్బు కడితే ఎయిర్‌పోర్టులో ఉద్యోగం ఇప్పిస్తామని పిల్లలకు ఫోన్లు వస్తున్నాయి. ఎలా ఆపాలి?

ఎయిర్‌లైన్లు ఉద్యోగానికి డబ్బు తీసుకోవు. యూనిఫాం డిపాజిట్, మెడికల్ ఫీజు, గేట్ పాస్ ఖర్చు, పేరు ఏదైనా సరే, ముందు డబ్బు అడిగితే అది మోసం. ఈ మాట నోటీసు బోర్డు మీద ఏడాదంతా ఉంచండి. మా విద్యార్థి ఒకడు ఇంట్లో గేదెను అమ్మించి కట్టాడు, ఆ నంబరు మర్నాటికే స్విచ్ఛాఫ్. ఆఫర్ లెటర్ వస్తే ముందు మీకు చూపించమనండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఇచ్చిన నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి.

మొదటి జీతం తక్కువని మూడు నెలలకే మానేస్తున్నారు. మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

చేరకముందే లెక్క వేయించండి. చేతికొచ్చే జీతం, శంషాబాద్ దగ్గర గది అద్దెలో వాటా, తిండి, ఇంటికి పంపేది. ఎంత మిగులుతుందో తెలిసి చేరినవాళ్ళు నిలబడతారు, తెలియక చేరినవాళ్ళే మానేస్తారు. చేరాక ఏ సర్టిఫికెట్లు జీతం పెంచుతాయో కూడా చెప్పండి. ప్రమాదకర సరుకుల శిక్షణ, లోడ్ షీట్ పని, రిజర్వేషన్ సిస్టమ్ మీద పట్టు, ఇవి ఉన్నవాళ్ళకు అడిగే ధైర్యం ఉంటుంది. ప్రతి ఫిబ్రవరిలో నేను పాత విద్యార్థుల్లో ఇద్దరిని పిలుస్తాను, ఒకరు నిలబడినవారు, ఒకరు మానేసినవారు. పోయినసారి మానేసిన కుర్రాడు ఇప్పుడు గుంటూరులో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చూసుకుంటున్నాడు. లారీ నిండకుండా బయల్దేరనివ్వనని, ఆ అలవాటు ఈ క్లాసులోనే అబ్బిందని పిల్లలకు చెప్పి, బోర్డు మీద తన లారీ బ్రేక్ ఈవెన్ వేసి చూపించాడు.